తెనాలి–బాపట్ల–రేపల్లె ప్రాంతంలో పరిశోధన: జీవ, సామాజిక, మానవీయ శాస్త్రాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలూ వాటి చుట్టూ ఉన్న ఊళ్లూ కృష్ణా పశ్చిమ డెల్టాకు గుండెకాయ లాంటివి. దేశమంతా తినే సన్నబియ్యం వంగడం బాపట్లలో తయారైంది. దక్షిణాది లిపుల చరిత్రలో ముందుగా చెప్పుకొనే శాసనాల్లో కొన్ని రేపల్లె దగ్గరి భట్టిప్రోలు దిబ్బలో దొరికాయి. 1977 ఉప్పెన తరువాత సామూహిక మరణాన్ని సమాజం, ప్రభుత్వం ఎలా ఎదుర్కొన్నాయో పరిశోధకులు ఇక్కడి కృష్ణా తీరంలోనే పరిశీలించారు. తెనాలి రచయితలు, హేతువాదులు, పత్రికా సంపాదకులు పురాణాన్నీ చరిత్రనూ ప్రశ్నించి చదివే అలవాటును తెలుగు పాఠకులకు నేర్పారు. ఇన్ని విద్యలకు నెలవైన ఈ ప్రాంతంలో గట్టి పరిశోధనలన్నింటికీ ఉన్న సమాన లక్షణం వాటి ప్రశ్నలు పొలంలో, కాలువ గట్టున, దిబ్బ మీద, సముద్రపొడ్డున పుట్టడం.

ప్రాంతం, నేలలు

1855లో బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ పనిచేస్తోంది. ఆ కాలువ నీరే ఈ ప్రాంతపు వ్యవసాయానికి, దాని వెంట వచ్చిన చదువుకు, సంపదకు ఆధారం. తెనాలి వైపు నల్లరేగడి మాగాణులు, పసుపు, అరటి, కంద తోటలు ఉంటాయి. బాపట్ల, కర్లపాలెం తీరంలో ఇసుక నేలలు ఉంటాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు నేలలు, పాయలు, మడ అడవులు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో బాపట్ల, రేపల్లె చేరాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పాలనాపరంగా విడిపోయినా నీరు, పంట, చదువు విషయంలో ఈ మూడింటినీ కలిపి చూడాల్సిందే.

జీవశాస్త్రాలు

*వ్యవసాయ కళాశాల.* మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతానికి తొలి వ్యవసాయ కళాశాల 1945లో బాపట్లలో మొదలైంది. అంతకుముందు ఈ చదువు కోసం తెలుగు విద్యార్థులు కోయంబత్తూరు వెళ్లేవారు. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కళాశాల దాని కిందికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికే తరువాత నిడుబ్రోలు వాసి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 1983లో బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. వరి పరిశోధన విభాగం, ఉప్పునీటి పథకం, జీడిమామిడి పరిశోధన కేంద్రం కూడా చేరడంతో చిన్న పట్టణంలో ఇన్ని వ్యవసాయ విద్యలు ఒకచోట కుదిరాయి. జీడిమామిడి కేంద్రం ఇప్పుడు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడ తయారైన బీపీపీ రకాలు, ముఖ్యంగా బీపీపీ–8, కోస్తా తోటల్లో బాగా వ్యాపించాయి.

*సాంబ మసూరి.* బాపట్ల పేరు దేశమంతా తెలియడానికి కారణం బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. ఇందులోని మూడక్షరాలు బాపట్లవే. 1986లో విడుదలైన ఈ వంగడం వెనుక డాక్టర్ ఎం.వి. రెడ్డి కృషి ఉంది. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1 రకాలను సంకరపరచి, వచ్చిన దాన్ని మసూరితో కలిపారు. జీఈబీ 24 కోయంబత్తూరులో 1921లో విడుదలైన మేలి గింజ రకం. తైచుంగ్ నేటివ్ 1 తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం. మసూరి మలేసియాలో ఇండికా, జపానికా వరి జాతుల కలయికతో పుట్టింది. మూడు దేశాల వరసలు బాపట్ల మడిలో కలిశాయన్నమాట. పైరు కోతకు రావడానికి 145–150 రోజులు పడుతుంది. గింజ సన్నగా ఉంటుంది, అన్నం పొడిపొడిగా మెత్తగా ఉడుకుతుంది. రైతులు దీన్ని "5204" అనీ, తెలంగాణలో "బీపీటీ" అనీ పిలుస్తారు. బజారులో కర్నూలు సోనాగా అమ్ముడయ్యే బియ్యంలో ఎక్కువ భాగం దీనిదే. సోనా మసూరిగా ప్రసిద్ధమైన బీపీటీ 3291, భావపురి సన్నాలుగా పిలిచే బీపీటీ 2270 కూడా బాపట్ల వంగడాలే.

సాంబ మసూరి బలహీనత తెగుళ్లు. బాక్టీరియా ఆకు ఎండు తెగులు సోకితే ఆకులు చివరి నుంచి ఎండి, గింజ తాలుపోతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ), కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి తెగులును తట్టుకొనే మూడు జన్యువులను అణు గుర్తుల సాయంతో ఇందులోకి చేర్చాయి. గింజ గుణం చెడకుండా తయారైన మెరుగైన సాంబ మసూరి 2008లో రైతులకు అందింది. తరువాతి పరీక్షల్లో దీని బియ్యానికి గ్లైసీమిక్ సూచిక తక్కువని తేలింది. 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల, కూడా సాంబ మసూరి నుంచే వచ్చింది. కంకిలో గింజల సంఖ్యను అదుపుచేసే జన్యువును సవరించడం వల్ల ఇది మాతృ రకం కంటే సుమారు 20 రోజులు ముందు కోతకు వస్తుందని భారతీయ వరి పరిశోధన సంస్థ చెప్పింది. కోత ముందుకు జరిగితే కాలువ నీటికీ, రెండో పంటకూ వెసులుబాటు దొరుకుతుంది. నలభై ఏళ్లనాటి వంగడాన్ని పక్కన పెట్టకుండా తరతరాల శాస్త్రవేత్తలు దాన్నే దిద్దుకుంటూ వస్తున్నారంటే మొదటి ఎంపిక ఎంత గట్టిదో తెలుస్తుంది.

*మాగాణి మినుము.* వరి కోతకు కొద్ది రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే తడి నేలలో మినుము చల్లడం డెల్టా రైతుల పద్ధతి. దున్నకుండా, నీరు పెట్టకుండా, వరి మిగిల్చిన పదునుతోనే పంట పండుతుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఎల్‌బీజీ వరుసలో ఇచ్చిన మినుము రకాలు ఈ పద్ధతిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. పల్లాకు తెగులు, బంగారుతీగ కలుపు ఎక్కువైనప్పుడు తెనాలి, బాపట్ల వైపు చాలామంది రైతులు అదే మాగాణిలో దుక్కి లేకుండా మొక్కజొన్న, జొన్న వేయడం మొదలుపెట్టారు. ఈ మార్పును రైతులే ముందు చేశారు. ఎరువు మోతాదు, విత్తే దూరం, కలుపు మందుల సిఫార్సులతో శాస్త్రవేత్తలు వారిని అనుసరించారు.

*దొరువులు.* బాపట్ల తీరపు ఇసుక నేలలో కొద్ది అడుగులు తవ్వితే మంచినీరు వస్తుంది. ఇంకా లోతుకు పోతే ఉప్పునీరు పడుతుంది. ఇసుకలోకి ఇంకిన వాన నీరు తేలికైనది కాబట్టి, బరువైన ఉప్పునీటి మీద పొరగా నిలుస్తుంది. తరాలుగా రైతులు పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే గుంటలు తవ్వుకొని, దిగి కుండలతో నీరు ముంచి మొక్కలకు పోసేవారు. ఇవే దొరువులు. వాటి ఏటవాలు గట్లకు చాలా నేల పోయేది, ఇసుక జారి గుంట పూడేది, మనిషి కష్టం ఎక్కువ. పోనీ బోరు వేసి గట్టిగా తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఒకసారి అలా ఎక్కిన ఉప్పు త్వరగా పోదు.

ఉప్పు నేలలు, ఉప్పునీటి వాడకంపై అఖిల భారత సమన్వయ పథకానికి చెందిన బాపట్ల కేంద్రం ఈ పాత పద్ధతినే తీసుకొని మెరుగుపరిచింది. మంచినీటి పొర ఉన్న లోతులోనే చిల్లుల పీవీసీ గొట్టాలను స్వల్ప వాలుతో అడ్డంగా పరుస్తారు. ఇసుక లోపలికి రాకుండా వాటికి నైలాన్ వల చుడతారు. గొట్టాల్లోకి ఊరిన నీరు మధ్యనున్న బావిలోకి చేరుతుంది. చిన్న మోటారుతో దాన్ని తోడుకుంటారు. గొట్టాల మట్టానికి దిగువ నీటిని మోటారు తాకదు కాబట్టి ఉప్పునీరు కదలదు. పైన నేల చదునుగా సాగుకు మిగులుతుంది. రైతు కనిపెట్టిన సూత్రాన్ని మార్చకుండా పనిముట్టును మాత్రమే మార్చడం వల్ల మెరుగైన దొరువు తీర గ్రామాల్లో నిలదొక్కుకుంది.

*తీరం, మడ అడవులు.* కృష్ణ సముద్రంలో కలిసేచోట పాయల మధ్య మడ అడవులు విస్తరించి ఉన్నాయి. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం నదికి రెండు వైపులా ఉంటుంది. నీటిపిల్లి, కొంగ జాతులు, పీతలు, రొయ్య పిల్లలు వీటిని ఆశ్రయించి బతుకుతాయి. పోటు నీరు అందక ఉప్పు పేరుకుపోయిన చోట మడ మొక్క లేవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1996లో మొదలైన కార్యక్రమంలో కృష్ణా, గోదావరి మడ అడవుల్లో పిల్ల కాలువలు తవ్వించింది. చేప ముల్లు ఆకారంలో పెద్ద కాలువకు ఇరువైపులా తవ్విన ఈ పాయల్లోకి పోటు నీరు ఎక్కి దిగుతుంటే ఉప్పు కడుక్కుపోయి మొక్కలు నిలదొక్కుకుంటాయి. తీరగ్రామాల వారే కాలువలు తవ్వి, మొక్కలు నాటి, వాటిని కాపాడే బాధ్యత తీసుకున్నారు.

సామాజిక శాస్త్రాలు

*డెల్టా గ్రామం.* ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చిన ఎన్.జి. రంగా (1900–1995) భారతీయ గ్రామాల ఆర్థిక వ్యవస్థపై 1926లో వెలువరించిన గ్రంథం మొదటి సంపుటంలో డెల్టా గ్రామాలనే తీసుకున్నారు. కౌలు, అప్పు, కూలి, చేతివృత్తుల వారి రాబడిని ఊరూరా విచారించి రాసిన పుస్తకం అది. తరువాత నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపి, చదివిన విషయాన్ని ఉద్యమానికి అందించారు. బ్రిటిషు పాలనలో ఆంధ్ర రైతాంగంపై ఎ. సత్యనారాయణ 1990లో ప్రచురించిన గ్రంథం, కోస్తా రైతులు పెట్టుబడిదారులుగా మారిన తీరుపై కరోల్ ఉపాధ్య 1988లో రాసిన వ్యాసం ఈ చర్చను ముందుకు తీసుకెళ్లాయి. వరి మీద మిగిలిన డబ్బు రైస్ మిల్లుకు, సినిమాకు, కళాశాలకు, నగరానికి ఎలా చేరిందన్నది ఇక్కడి ఆర్థిక చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. భాషా రాష్ట్ర చరిత్ర రాసేవారు కూడా బాపట్ల నుంచే మొదలుపెట్టాలి. తొలి ఆంధ్ర మహాసభ 1913 మేలో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన జరిగింది ఇక్కడే.

*ఉప్పెన.* 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెనల్లో దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరాల్లో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు తుపాను తరువాత ఈ ప్రాంతంలో చేసిన అధ్యయనం 1979లో పుస్తకంగా వచ్చింది. అంత పెద్ద మరణం ముందు వ్యక్తులు, కుటుంబాలు, అధికార యంత్రాంగం, స్వచ్ఛంద సంస్థలు ఎలా ప్రవర్తించాయన్నది వారి విచారణ. పీటర్ వించెస్టర్ ఏళ్ల తరబడి కృష్ణా డెల్టా కుటుంబాలను పరిశీలించి 1992లో గ్రంథం రాశారు. సముద్రానికి ఎంత దగ్గరగా ఉన్నారన్న దానికంటే, చేతిలో ఎంత ఆస్తి, ఎంత అండ ఉన్నాయన్నదే ఎవరు కోలుకుంటారో తేలుస్తుందని ఆయన చూపించారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ముందస్తు హెచ్చరికలు, లక్షకు పైగా జనాన్ని తరలించడం, రక్షిత భవనాలు తెచ్చిన తేడా అది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి పెద్ద దెబ్బ కోతకొచ్చిన వరికి తగిలింది. కౌలు రైతుకు పరిహారం ఎలా అందాలన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

*కులం, నేల, న్యాయం.* తెనాలికి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులపై జరిగిన దాడిలో ఎనిమిది మంది హతులయ్యారు. డెల్టా సంపద గురించి మాట్లాడే ఏ అధ్యయనమూ ఈ ఊరిని దాటిపోలేదు. దళిత యువకులు చదువుకొని తలెత్తి నడవడం ఆధిపత్య కులాలకు ఎందుకు కంటగింపైందో కె. బాలగోపాల్ ఆ ఏడాదే రాసిన వ్యాసంలో విశ్లేషించారు. బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊళ్లోనే ఏర్పాటైంది. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. న్యాయశాస్త్రం, సమాజశాస్త్రం, తెలుగు దళిత సాహిత్యం మూడూ ఈ ఘటనను తమ తమ పరిధిలో చదువుతూనే ఉన్నాయి.

*రొయ్య.* 1990ల్లో రేపల్లె, నిజాంపట్నం తీరంలో టైగర్ రొయ్యల చెరువులు వేగంగా పెరిగాయి. తెల్లమచ్చ వైరస్ ఆ దశకం మధ్యలోనే చెరువులను ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరప్రాంత రొయ్యల సాగుకు హద్దులు పెట్టింది. 2009 నుంచి వనామీ రకానికి అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. చెరువు పక్కన వరి చేను చవుడుబారడం, తాగునీరు ఉప్పెక్కడం, కూలి పనుల తీరు మారడం నీటి రసాయనం చదివేవారూ గ్రామ సమాజం చదివేవారూ కలిసి తేల్చాల్సిన విషయాలు.

మానవీయ శాస్త్రాలు

*భట్టిప్రోలు.* తెనాలి–రేపల్లె రైలు మార్గంలో ఉన్న ఈ ఊరి లంజదిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వించారు. అంతకు ముందే రోడ్డు పనులకు దిబ్బ ఇటుకలు తరలిపోయి స్తూపం చాలా దెబ్బతిన్నది. మిగిలిన గర్భంలో రాతి కరండాలు దొరికాయి. వాటిలో స్ఫటిక భరిణె, బంగారు పూలు, పూసలు, అస్థిశకలాలు ఉన్నాయి. కరండాల మీద చెక్కిన ప్రాకృత శాసనాలను గియోర్గ్ బ్యూలర్ 1894లో పరిష్కరించి ప్రకటించారు. వాటిలో కుబీరక రాజు పేరుతోపాటు గోష్ఠి, నిగమం అనే సంఘాల సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. రాజుల జాబితాలే ఎక్కువగా మిగిలిన ప్రాచీన చరిత్రలో సామాన్య సంఘ సభ్యుల పేర్లు దొరకడం అరుదు.

లిపిలోనూ విశేషం ఉంది. సాధారణ బ్రాహ్మిలో గుర్తు లేని హల్లును అకారంతో కలిపే చదువుతారు. భట్టిప్రోలు రాతగాడు అకారానికి విడిగా గీత పెట్టాడు, దీర్ఘానికి మరో గీత చేర్చాడు. దాంతో గీత లేని అక్షరం పొల్లు హల్లుగా మిగిలింది. కొన్ని అక్షరాల రూపాలు కూడా వేరు. తమిళ బ్రాహ్మి పరిణామాన్ని వివరిస్తూ ఐరావతం మహాదేవన్ ఈ పద్ధతిని ప్రత్యేకంగా చర్చించారు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతువు (అస్థి అవశేషం) 1920లో కలకత్తా మహాబోధి సొసైటీ విహారానికి చేరింది.

*చేబ్రోలు, చందవోలు.* తెనాలికి పడమట ఉన్న చేబ్రోలులో శాతవాహన రాజు విజయుని ఐదో పాలనా సంవత్సరపు సంస్కృత శాసనం దొరికినట్టు పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది. శాసన పరిశోధకులు దీన్ని క్రీ.శ. 207కి చెందినదిగా లెక్కగట్టారు. శక్తి మాతృకలకు ఆలయం, మండపం కట్టించిన సంగతి అందులో ఉంది. కాకతి గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దం మొదట్లో ఇదే ఊరిలో గుడి కట్టించి శాసనం వేయించాడు. ఆయన రచించిన నృత్తరత్నావళిలో మొదటి నాలుగు అధ్యాయాలు మార్గ నృత్యానికి, తరువాతి నాలుగు దేశి నృత్యానికి కేటాయించినవి. 1965లో వి. రాఘవన్ దీన్ని పరిష్కరించారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోయడానికి ఈ గ్రంథం ఆసరా అయింది. బాపట్లకు ఈశాన్యాన ఉన్న చందవోలు వెలనాటి చోడుల రాజధాని. ఆ వంశ చరిత్రంతా గుళ్లలోని శాసనాలను ఏరి కూర్చుకున్నదే.

*నిజాంపట్నం.* ఐరోపా వర్తకుల కాగితాల్లో పేటపోలిగా కనిపించే ఊరు ఇదే. డచ్చివారు 1606లో ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ రేవుకు వచ్చాకే మచిలీపట్నం వెళ్లింది. ఆ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ దినచర్యను డబ్ల్యు.హెచ్. మోర్లాండ్ 1934లో పరిష్కరించారు. చిరివేరుతో వేసిన ఎర్ర అద్దకం, నేత బట్టల వ్యాపారం తెలుసుకోవడానికి ఇలాంటి దినచర్యలు, కొఠీ లెక్కలు అక్కరకొస్తాయి. కాలిన్ మెకంజీ బృందం సేకరించిన గ్రామ కైఫియత్తులు మరో వైపు నుంచి, కరణాల నోట, ఇదే నేల కథ చెబుతాయి.

*తెనాలి.* ఇక్కడి విద్వత్తు విశ్వవిద్యాలయం బయట పెరిగింది. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం అనే తన ఇంట్లో కూర్చుని పురాణాలను ప్రశ్నించారు. న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి మానవవాదాన్ని ఊరూరా వినిపించారు. జి.వి. కృష్ణరావు కళాపూర్ణోదయ కావ్యంపై పరిశోధన చేశారు, 'కీలుబొమ్మలు' నవలా రాశారు. కొడవటిగంటి కుటుంబరావు కథలతోపాటు విజ్ఞానం, సంగీతం, సినిమా, చరిత్రలపై రాసిన వ్యాసాలు తెలుగులో శాస్త్రాలోచనకు చక్కని నమూనాలు. తెనాలిలో 'జ్యోతి' నడిపిన ఆలపాటి రవీంద్రనాథ్ 1990లో హైదరాబాదు నుంచి తెచ్చిన 'మిసిమి' చరిత్ర, తత్వం, కళలకు అంకితమైన మాసపత్రికగా నిలిచింది. బాపట్లలో పుట్టి తెనాలి రంగస్థలంపై వెలిగిన స్థానం నరసింహారావు 'నటస్థానం'లో తన అభినయ అనుభవాన్ని గ్రంథస్థం చేశారు. మరోవైపు సంస్కృత శాస్త్రాల్లో గురువు ఇంట చదివి, దశలవారీగా రాతపూర్వకంగా, మౌఖికంగా ఇచ్చే 'తెనాలి పరీక్ష'కు దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు వస్తారు. పురాణాన్ని ఖండించినవారూ శాస్త్రాన్ని కంఠస్థం చేసినవారూ ఒకే ఊరి పేరుతో ప్రసిద్ధులయ్యారు.

శాస్త్రాల మధ్య వారధి: నాయుడమ్మ

తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ బనారసులో, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో చదివి తోళ్ల శాస్త్రంలో నిపుణులయ్యారు. మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు సంచాలకులుగా ఉన్నారు. ఆ తరువాత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అధిపతిగా, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. తోలు పని అంటరానితనంతో ముడిపడిన దేశంలో ఆ వృత్తికి ప్రయోగశాల గౌరవం తేవడం, ప్రయోగశాలను వృత్తిదారుల ఇంటిదాకా తీసుకెళ్లడం ఆయన చేసిన పెద్ద పని. కరీంనగర్ జిల్లాను తీసుకొని గ్రామ అవసరాలకు శాస్త్రాన్ని జోడించే ప్రయత్నమూ ఆయన చొరవే. 1985 జూన్ 23న కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో మరణించారు. ఆయన పేరిట తెనాలిలో ఏటా శాస్త్రవేత్తలకు పురస్కారం ఇస్తున్నారు.

నేటి స్థితి, చేయవలసిన పని

ఈ ప్రాంతంపై వచ్చిన మంచి పరిశోధనలో ఎక్కువ భాగం ఆంగ్లంలో ఉంది. ఉప్పెన గురించిన అధ్యయనం ఉప్పెన చూసిన ఊరివాళ్లకు చేరలేదు. బ్యూలర్ పరిష్కరించిన పాఠాలు భట్టిప్రోలు బడి పిల్లలకు తెలియవు. తెలుగులోకి తెచ్చినవాటి ఫలితం మాత్రం కళ్లెదుటే ఉంది. నృత్తరత్నావళి తెలుగై నర్తకులకు అందింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశం, రైతు మాటకు శాస్త్ర గౌరవం ఇచ్చి తరువాతి పరిశోధకులకు దారి చూపింది.

చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. తెనాలిలో వెలువడిన పాత పత్రికల సంచికలు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టిక వేసి, వాటిని డిజిటల్ రూపంలో భద్రపరచాలి. గుళ్లలో సున్నం కింద ఉన్న శాసనాలకు కొత్తగా నకళ్లు తీయాలి. తీరంలో ఉప్పు ఎంత లోపలికి వస్తోందో ఏటా కొలిచి, ఆ లెక్క గ్రామ సచివాలయంలో తెలుగులో పెట్టాలి. ఉప్పెన చూసి బతికినవారి మాటలను, వారు ఉండగానే నమోదు చేయాలి. వీటిలో ఏదీ ఒక్క శాస్త్రంతో అయ్యేది కాదు. దొరువును మెరుగుపరచినవారు ముందు రైతు ఎందుకలా తవ్వాడో తెలుసుకున్నారు, ఆ తరువాతే గొట్టం పరిచారు. జీవశాస్త్రమైనా, సమాజశాస్త్రమైనా, చరిత్రైనా ఈ ప్రాంతంలో నిలిచిన పరిశోధన ఆ వరుసను పాటించింది. రాబోయే పరిశోధకులూ అదే పాటించాలి.